శాలువా నాకు, కుర్చీలు ఇద్రీస్‌కు

నేను ఈసారి రియాద్ వెళ్ళింది ఒక అవార్డు తెచ్చుకోవడానికి. కంగారు పడకండి, నాకు అవార్డులిచ్చే రోజులు ఇంకా రాలేదు. తాయిఫ్‌లో నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే ప్రైవేటు హెల్త్ కాలేజీకి, రియాద్‌లోని మన తెలుగు సంఘం ఒకటి సన్మానం తలపెట్టింది. "నల్లజాతి విద్యార్థులకు చదువు అందించి, వారి విజయానికి తోడ్పడిన కళాశాల" అని ఆహ్వానంలో రాశారు. తెలుగు సంఘానికి ఈ ఆలోచన ఎలా వచ్చిందో తెలియక అధ్యక్షులు రామ్మోహన్ గారిని ఫోన్‌లోనే అడిగేశాను. "అమెరికాలో ఇలాంటి కాలేజీల్ని వెతికి మరీ గుర్తింపు ఇస్తున్నారంటండీ, నెట్‌లో చూశాను. ఏటా మనకి మనమే శాలువాలు కప్పుకుంటున్నాం కదా, ఈసారి కాస్త వెరైటీగా ఉంటుందని..." అన్నారాయన. ఆ 'వెరైటీ' దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. మనవాళ్ళకు ఇంత మంచి బుద్ధి పుట్టిందా అని సంబరపడ్డాను.

మా కాలేజీ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. తాయిఫ్‌లో ఆఫ్రికా మూలాల కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళ ముత్తాతలు నైజీరియా, చాద్ వైపుల నుంచి హజ్‌కు నడిచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇక్కడి అరబ్బీయే మాట్లాడతారు, కానీ జేబులో ఉండేది మాత్రం మనలాగే విదేశీయులకిచ్చే నివాస కార్డు, అకామాయే. ప్రభుత్వ యూనివర్సిటీలో వాళ్ళకు సీటు దొరకడం గగనం. మా కాలేజీ సాయంత్రం పూట ల్యాబ్ డిప్లొమా పెట్టి వాళ్ళను చేర్చుకుంది. అది నిజం, ఆ మెప్పు ఇవ్వాల్సిందే.

చేర్చుకున్నాక ఏం చేసిందన్నదే అసలు సంగతి. డిప్లొమా చేతికి రావాలంటే చివరి ఆరు నెలలు ఏదైనా ల్యాబ్‌లో ట్రైనింగ్ చేయాలి. కాలేజీ యజమానికి ఊళ్ళోనే సొంత క్లినిక్ ఉంది, అందులో మంచి ల్యాబ్ కూడా ఉంది. అక్కడి సీట్లు మాత్రం సౌదీ పిల్లలకే పోతాయి. ఎంతమంది సౌదీలను పెట్టుకున్నారో చూసి కంపెనీలకు ఎరుపు, పసుపు, పచ్చ రంగులిచ్చే నితాఖాత్ వచ్చాక, ఒక సౌదీ పేరు చేరితే క్లినిక్ పచ్చగా ఉంటుంది. ఇద్రీస్ పేరు చేరితే ఎవరికీ ఏ రంగూ రాదు.

ఇద్రీస్ ఆ సాయంత్రం బ్యాచ్ కుర్రాడు. ఇరవై రెండేళ్ళు. పరీక్షలన్నీ పాసయ్యాడు, స్లయిడ్ తయారు చేయడంలో బ్యాచ్‌లో అతనికి అతనే సాటి. రెండుసార్లు ట్రైనింగ్ సీటు అడిగాడు, రెండుసార్లూ "వచ్చే టర్మ్ చూద్దాం" అన్నారు. ఈ నెలాఖరుతో అతని స్టూడెంట్ కార్డు అయిపోతుంది. ఆ వయసు కొడుకు తండ్రి అకామా మీద ఉండాలంటే విద్యార్థి అయి ఉండాలి, లేకపోతే ఇక్కడ ఉండే హక్కు పోతుంది. తండ్రి టైర్ల పంక్చర్లు వేస్తాడు. విదేశీ కుటుంబాల్లో తల తలకూ లెవీ పన్ను మొదలైనప్పటి నుంచి భార్యనూ ఆడపిల్లలనూ నైజీరియా పంపేద్దామని చూస్తున్నాడు. ఆ ఇంట్లో ఎవరూ నైజీరియా చూసి ఎరగరు. లెవీ దెబ్బకు నా భార్యా పిల్లలు ప్రొద్దుటూరు వెళ్ళిపోయారు గానీ, వాళ్ళు వెళ్ళింది సొంత ఊరికి.

మా డీన్ డాక్టర్ సామీ ఆహ్వానం చూసి మురిసిపోయాడు. "నువ్వు తెలుగువాడివి, నువ్వే వెళ్ళి తీసుకురా. ఇద్రీస్‌నూ తీసుకుపో, ఫోటోలో బాగుంటుంది. అక్కడికి పెద్ద పెద్ద ఆసుపత్రుల వాళ్ళు వస్తారుగా, సీటు అడుగు" అన్నాడు. మా యజమాని క్లినిక్ ఎదురుగా పెట్టుకుని ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల అడగమన్నాడు. అయినా నిజంగానే వేదిక మీద కిరణ్ గారనే ఆయన ఉంటారని, ఆయన రియాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి హెచ్.ఆర్. మేనేజర్ అని రామ్మోహన్ గారు చెప్పారు. "అబ్బాయిని తీసుకురండి, కిరణ్ గారితో నేను మాట్లాడతానండీ" అని మాట కూడా ఇచ్చారు. ఆ మాట పట్టుకునే ఇద్దరం బయలుదేరాం.

గురువారం ఉదయం ఎనిమిది గంటల బస్సు. వెళ్ళదలచినవారికి చెబుతున్నాను, పగటి బస్సే ఎక్కండి, దారి కనిపిస్తుంది. టికెట్‌కు అకామా చూపించాలి. ముందు సీట్లు కుటుంబాలకు, ఒంటరి మగవాళ్ళకు వెనక సీట్లు. ఏసీ ఎముకలు కొరికేస్తుంది కాబట్టి దుప్పటి ఉంటే మంచిది. ఇద్రీస్ ఇస్త్రీ చేసిన తెల్లటి థోబ్, అరబ్బుల పొడుగు అంగీ, వేసుకుని, రెండోది సంచిలో మడతపెట్టుకుని వచ్చాడు. "స్టేజీ మీదకు ఇది, ఆసుపత్రికి అది" అన్నాడు. మేము మాట్లాడుకునేది అరబ్బీలో, నన్ను ఉస్తాద్ అంటాడు, అంటే మాస్టారు.

తాయిఫ్ తోటలు దాటాక కొండలు తగ్గి, ఎర్రమట్టి బయలు మొదలైంది. మా పక్క వరసలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. నా ఫోన్ మాటలు విని పలకరించాడు. పేరు గంగారాం, జగిత్యాల దగ్గర పల్లె, తాపీ పని. "మా కంపెనీ రెడ్డుల పడ్డది సార్. అకామా గొట్టుడు బందు వెట్టిండ్రు. రియాద్‌ల మా పోరగాండ్ల రూముల ఉండి ఎగ్జిట్ వీసా కోసం తిరగాలె" అన్నాడు. ఇద్రీస్‌ను చూసి "ఈ పిలగాడు మీ తాన సదువుకుంటుండా?" అని అడిగాడు. రక్తపరీక్షల చదువు అని చెప్పాను. "మంచిగున్నది. మా చిన్నోడు గూడ గదే సదువుత అంటుండు" అని తన పల్లీల పొట్లం ఇద్రీస్ చేతిలో పెట్టాడు.

ఒంటిగంట ప్రాంతంలో జలీం దగ్గర ఆపారు. నమాజు, భోజనం కలిపి ముప్పావు గంట. కోడి కబ్సా అన్నం ముగ్గురం ఒకే పళ్ళెంలో తిన్నాం, గంగారాం బలవంతంగా టీ డబ్బులు తనే ఇచ్చాడు. అక్కడి నుంచి చూసేందుకు పెద్దగా ఏమీ లేదు, ఒంటెలూ కరెంటు స్తంభాలూ. ఇద్రీస్ మాత్రం కిటికీకి అతుక్కుపోయి కూర్చున్నాడు. పుట్టిన దేశం రాజధానిని అతను చూడడం అదే మొదటిసారి. సాయంత్రం తువైఖ్ కొండ ఎక్కుతున్నప్పుడు ఎండ వాలి రాయంతా బంగారు రంగులోకి వచ్చింది. ఆరున్నరకు రియాద్ చేరాం. గంగారాం ఫోన్ నంబర్ ఇచ్చి, మా సంఘం మీటింగ్ సంగతి విని, "గా మీటింగుకు సులై లేబర్ క్యాంపుల కెళ్ళి మావోళ్ళను గూడ బస్సుల తోల్కపోతరట. కలుద్దాం తియ్యి" అన్నాడు.

బస రియాద్ నడిబొడ్డున వలసవాళ్ళ బజారు బతాలో. సంఘం వాళ్ళు గది ఏర్పాటు చేస్తామన్నారు గానీ ఫోన్ చేస్తే "ఒక్కరికే అనుకున్నామండీ" అన్నారు. ఆ ఒక్కరి గదీ వద్దని, రెండు మంచాల గది మేమే తీసుకున్నాం. బాత్రూము శుభ్రంగా ఉంది, కిటికీ తెరిస్తే డబ్బు పంపే దుకాణాల లైట్లు. రాత్రి సందులోని ఆంధ్ర మెస్‌లో భోజనం. ఇక్కడొక ముచ్చట జరిగింది. గోంగూర పచ్చడి వేస్తుంటే అతనికి పులుపు ఎక్కువవుతుందేమోనని వద్దన్నాను. ఇద్రీస్ వేలితో నాకి చూసి, ఆగి, మళ్ళీ చూశాడు. "ఇది మా నానమ్మ చేస్తుంది. మేము యాకువా అంటాం. వేరుశనగ పొడి వేసి చేస్తుంది" అన్నాడు. రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. గోంగూర మనదొక్కళ్ళదే అనుకుంటాం కదా మనం. కౌంటర్ దగ్గరి నెల్లూరు ఆయనకు ఆ మాట చెబితే నమ్మలేదు, "ఊరికే అంటున్నాడు లెండి" అన్నాడు. ఇద్రీస్ నవ్వేశాడు.

శుక్రవారం బతా కిటకిటలాడుతుంది, చూడాలంటే ఆ రోజే చూడాలి. జుమా నమాజు తర్వాత కాసేపు తిరిగి, మూడు గంటలకు టాక్సీ మాట్లాడుకుని సులై దాటాక ఉండే ఇస్తిరాహాకు వెళ్ళాం. ఇస్తిరాహా అంటే ప్రహరీ గోడ మధ్య పచ్చిక, ఒక హాలు, వంటిల్లు. పెళ్ళిళ్ళకూ మీటింగులకూ అద్దెకిస్తారు. గేటు దగ్గర "తెలుగు వెలుగుల విద్యా సన్మానం" అని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో మా కాలేజీ పేరు కింద, రామ్మోహన్ గారి ఫోటో కింద, ఏ ఇంటర్నెట్ నుంచో తెచ్చిన ఒక నల్ల కుర్రాడి బొమ్మ ఉంది. నల్ల గౌను, టోపీ, పళ్ళన్నీ కనిపించే నవ్వు. "ఈయనెవరు ఉస్తాద్?" అని అడిగాడు ఇద్రీస్. నాకేం తెలుసు?

సాయంత్రపు అస్ర్ నమాజు వేళైంది. ఇద్రీస్‌ను పచ్చిక దగ్గర నిలబెట్టి, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ చేసుకు రావడానికి వెళ్ళాను. క్యూ ఉండడంతో పావుగంట పట్టింది. తిరిగొచ్చి చూద్దును కదా, ఇద్రీస్ రెండు చేతుల్లోనూ నాలుగేసి ప్లాస్టిక్ కుర్చీలు ఎత్తుకుని హాలులోకి మోస్తున్నాడు. ఇస్త్రీ థోబ్ చేతులు మోచేతుల దాకా మడిచాడు. బ్యాడ్జీ పెట్టుకున్న మన వాలంటీరు ఒకాయన వెనక నిలబడి "ఇధర్, ఇధర్. జల్దీ కరో" అంటున్నాడు.

"ఎవరనుకుంటున్నారండీ ఆయన్ని?" అని అడిగాను.

"ఇస్తిరాహా పనివాడు కాదా?" అన్నాడు వాలంటీరు, నిజాయితీగా.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ సన్మానం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ మనిషే ఇతనని చెప్పాను. వాలంటీరు నాలుక కరుచుకుని, "సారీ అండీ, డ్రెస్ చూసి..." అన్నాడు. డ్రెస్ చూసి కాదు. అదే తెల్లటి థోబ్‌లో ఎర్రటి సౌదీ ఒకాయన వస్తే వీళ్ళే పరుగెత్తుకెళ్ళి ఖర్జూరాలు పెట్టేవారు. ఇద్రీస్ కుర్చీలు దించి, "పోనీ ఉస్తాద్. మా ఇంట్లో పెళ్ళికి వచ్చినవాళ్ళూ కుర్చీలు మోస్తారు" అన్నాడు. అతనికి కోపం రాలేదని కాదు. ఆ రోజు అతనికి సీటు కావాలి, కోపం తర్వాత చూసుకోవచ్చు. నాకా వివేకం లేదు గనుక నేను మండిపడుతూనే ఉన్నాను.

ఐదింటికి సభ మొదలైంది. ముందు వరసలో కుర్చీలకు పేర్లు అంటించారు. నాకొకటి ఉంది. ఇద్రీస్‌కు లేదు. గొడవపడి నా పక్కన ఒక కుర్చీ వేయించాను. వెనక తివాచీల మీద సులై క్యాంపుల నుంచి బస్సుల్లో తెచ్చిన మనుషులు కూర్చున్నారు, వాళ్ళలో గంగారాం చెయ్యి ఊపాడు. చప్పట్లకు జనం కావాలి కదా.

రామ్మోహన్ గారు ముప్పావు గంట మాట్లాడారు. నల్లజాతి బానిసత్వం గురించి మాట్లాడారు, కన్నీళ్ళు పెట్టుకున్నారు. చివర "ఇంతటి మహత్తర కార్యం వెనక ఉన్నదెవరనుకున్నారండీ? మన తెలుగువాడే! మన బాషా గారే!" అని నా పేరు పిలిచారు. నేను లేచాను. సెలైన్ సీసాలూ స్లయిడ్లూ కడిగి అప్పగించే ల్యాబ్ టెక్నీషియన్‌ని ఒక్క వాక్యంలో కళాశాల స్థాపకుణ్ణి చేసేశారు. బంగారు జరీ శాలువా కప్పారు, పూలదండ వేశారు, అద్దంలో బిగించిన జ్ఞాపిక చేతికిచ్చారు. ఇద్రీస్‌ను కూడా పైకి పిలవమని మైకులోనే అడిగాను. పిలిచారు. ఫోటోగ్రాఫర్ కెమెరాలో చూసి, ఇద్రీస్‌ను చేత్తో పక్కకు జరగమన్నాడు. "సర్, ఆ భాయ్ మీద లైట్ పడట్లేదు" అన్నాడు నాతో. నల్లజాతి విద్యార్థికి సన్మానం చేస్తూ అతని మీద లైట్ పడట్లేదన్నాడు. నేను ఇద్రీస్ భుజం గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. తర్వాత వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలో నా చెయ్యి ఉంది, అతని భుజం దాకా ఉంది, అక్కడ కత్తిరించారు.

ఇంత జరిగినా నోరు మూసుకున్నానంటే కిరణ్ గారి కోసమే. ఆయన మైకు పట్టుకుని "మా హాస్పిటల్ డోర్స్ ఇలాంటి యంగ్‌స్టర్స్‌కి ఎప్పుడూ ఓపెన్" అన్నారు. చప్పట్లు మోగాయి. నేనే ముందు కొట్టాను. ఇద్రీస్‌కు చెవిలో చెప్పాను, అతని ముఖం విప్పారింది.

భోజనాల దగ్గర పట్టుకున్నాను ఆయన్ని. ముఖ్యులకు హాల్లో బల్ల మీద బిర్యానీ, మిగతావాళ్ళకు బయట తివాచీ మీద. ఇద్రీస్ పక్కన ఉండగానే, పరీక్షలన్నీ పాసైన సంగతి, నెలాఖరు గడువు, అంతా చెప్పి ల్యాబ్‌లో ఆరు నెలల సీటు అడిగాను. కిరణ్ గారు ఇద్రీస్‌ను పైనుంచి కిందికి చూశారు.

"ఇందాక చైర్స్ మోసింది ఈ అబ్బాయే కదా? గుడ్, మంచి స్ట్రాంగ్‌గా ఉన్నాడు. మా స్టోర్స్‌లో లోడింగ్‌కి కాంట్రాక్టర్ ఉన్నాడు, ఇమ్మీడియట్‌గా పెట్టించేస్తా."

"లోడింగ్ కాదు సార్. ల్యాబ్ ట్రైనింగ్."

"ల్యాబ్ అంటే... పేషెంట్స్ కంఫర్టబుల్‌గా ఫీల్ అవ్వాలి కదా బాషా గారూ. పైగా నితాఖాత్ ప్రెషర్. మీకు తెలియనిదేముంది?"

పేషెంట్ల పేరు చెప్పి తన మనసులో మాట చెప్పాడు, దానికి నితాఖాత్ ముసుగు తొడిగాడు. మొదట వచ్చింది పేషెంట్లు, నితాఖాత్ తర్వాతే గుర్తొచ్చింది. నాకు ఒళ్ళు తెలియలేదు. ప్రొద్దుటూరు మాట దానంతట అదే బయటికొచ్చింది.

"ఏం సార్, ఏం మాట్లాడతాండారు మీరు? మీ పిల్లోడొచ్చి సీటడిగినా స్టోర్సులోనే పెడతారా? ఇందాక మైకులో తెరుస్తామన్న తలుపులు ఏ గోడౌనువి?"

రామ్మోహన్ గారు పరుగున వచ్చి "పోనివ్వండి బాషా గారూ, పరాయి దేశంలో ఉన్నాం, మనలో మనకి రభస ఎందుకండీ?" అన్నారు.

"మనలో మనకు" అంటే ఎవరెవరు? ఆయన లెక్కలో నేను, కిరణ్ గారు, ఆయన. నా పక్కన నిలబడ్డవాడు లేడు. అరబ్బు మనల్ని చులకనగా పిలిస్తే గదిలోకొచ్చి రాత్రంతా తిట్టుకుంటాం. మనకంటూ ఒక్క సాయంత్రం, అద్దెకు తెచ్చుకున్న ఒక్క పచ్చిక దొరికితే, అక్కడ మన కిందికి ఎవరు దొరుకుతారా అని చూస్తాం. ఈ మాట అక్కడ అనలేకపోయాను గనుక ఇక్కడ రాస్తున్నాను. బిర్యానీ వదిలేసి బయటికొచ్చాను.

ఇద్రీస్ నాకంటే ముందే బయటికి పోయాడు. తివాచీ మీద గంగారాం జరిగి చోటిచ్చాడు. "తాల్ బిడ్డా, ఇజ్లిస్" అని, వచ్చి కూర్చోమని సగం అరబ్బీలో పిలిచి, తన పళ్ళెంలోంచి ముక్క తీసి అతని వైపు పెట్టాడు. నేనూ శాలువా చంకలో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను.

"ఆయన ఏమన్నాడు ఉస్తాద్?" అడిగాడు ఇద్రీస్. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు, ఉన్నదున్నట్టు చెప్పాను. అన్నం కలుపుతూ, "కుర్చీలు మరీ బాగా మోసినట్టున్నాను" అన్నాడు. నవ్వాడు గానీ ముద్ద నోట్లో పెట్టుకోలేదు. గంగారాం నన్ను సంగతేమిటని అడిగి, విని, హాలు వైపు చూసి తుపుక్కున ఉమ్మాడు. "మమ్ముల గూడ గిట్లనే జూస్తరు సార్ వీళ్ళు. సప్పట్లు కొట్టనీకి తోల్కస్తరు" అన్నాడు.

శనివారం ఉదయం తొమ్మిది గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. ఆసుపత్రికని మడతపెట్టి తెచ్చుకున్న రెండో థోబ్ మడత విప్పకుండానే సంచిలో ఉంది. ఇద్రీస్ నిన్నటి థోబే వేసుకున్నాడు, చేతుల మీద కుర్చీల దుమ్ము చార ఉంది. పూలదండ లాడ్జి చెత్తబుట్టలో వేశాను. జ్ఞాపిక పగలకుండా శాలువాలో చుట్టి పైన అరలో పెట్టబోతే, ఇద్రీస్ తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. దారిలో శాలువా తప్పించి, "ఈ అక్షరాలు ఏం చెబుతున్నాయి?" అని అడిగాడు. చదివి అరబ్బీలో చెప్పాను. నల్లజాతి విద్యార్థులకు చదువూ విజయమూ అందించినందుకు మా కాలేజీకి, ప్రతినిధి బాషా గారికి, అధ్యక్షులు రామ్మోహన్ గారి చేతుల మీదుగా.

"విద్యార్థుల పేర్లు?"

లేవన్నాను. తల ఊపి మళ్ళీ శాలువా కప్పేశాడు.

మధ్యాహ్నం భోజనానికి ఆగిన చోట ఇద్దరికీ ఆకలి లేదు. తాయిఫ్ ఇంకా గంటన్నర ఉందనగా చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారు. ఒక కుర్ర పోలీసు ఎక్కాడు. వెనక వరసల్లో పాకిస్తానీలు, బంగ్లాదేశ్ వాళ్ళు, నేను, అందరివీ అకామాలు చూశాడు. ఇద్రీస్ దగ్గర ఆగి, "ఎక్కడివాడివి?" అని అడిగాడు.

"తాయిఫ్."

"అసలు ఎక్కడివాడివి?"

"తాయిఫ్" అన్నాడు ఇద్రీస్, అదే ఊరి యాసలో. పోలీసుదీ అదే యాస. నవ్వు ఆపుకుని అకామా, స్టూడెంట్ కార్డు చూశాడు. "ఒళ్ళో ఏమిటది?"

ఇద్రీస్ శాలువా విప్పి చూపించాడు. "బహుమతి. నా చదువుకు సాయం చేసినందుకు మా కాలేజీకి ఇచ్చారు."

పోలీసు అద్దం మీద తెలుగు అక్షరాలను తడిమి చూసి, మెచ్చుకోలుగా తల ఊపాడు. "మబ్రూక్! అయితే చదువు పూర్తయిందన్నమాట?"

"లేదు" అన్నాడు ఇద్రీస్.

పోలీసు మరోసారి జ్ఞాపిక వైపు చూశాడు. కార్డు తిరిగిచ్చి దిగిపోయాడు. అమెరికాలో గుర్తింపు ఎలా ఇస్తారో నాకు తెలియదు. రామ్మోహన్ గారూ, నేనూ, డాక్టర్ సామీ నోరు తెరిచి అడగని ప్రశ్న ఆ పోలీసు కుర్రాడు అడిగేశాడు. కాలేజీ చేర్చుకోవడం గొప్పే. పూర్తి చేయించి బయటికి పంపిందా అని ఎవరూ అడగకుండా అద్దం బిగించి ఇచ్చేస్తే, అది గుర్తింపు కాదు, ఆ కాలేజీ చేసిన అన్యాయానికి మెరుగు పెట్టడం.

బస్సు కదిలిన పది నిమిషాలకు డీన్ ఫోన్. "ఎక్కడిదాకా వచ్చారు బాషా? నేరుగా కాలేజీకి తీసుకురా. రిసెప్షన్‌లో అద్దాల బీరువా ఖాళీ చేయించాను. రేపు ఉదయం మంత్రిత్వశాఖ నుంచి తనిఖీకి వస్తున్నారు, వాళ్ళకు కనిపించేలా పెట్టాలి." నోరు అలవాటుగా "సరే దుక్తూర్" అనడానికి సిద్ధమైంది. మా స్టాఫ్‌లో సగం మందిని లెవీ పేరు చెప్పి పంపించేశారు, మిగిలినవాళ్ళలో నేనున్నాను. నా అకామా ఆయన సంతకం మీదే రెన్యువల్ అవుతుంది.

ఇద్రీస్ చెయ్యి చాపి, "నేను మాట్లాడనా ఉస్తాద్?" అన్నాడు. ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఇచ్చాను.

ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ముందు సలాం చెప్పాడు, ఆరోగ్యం అడిగాడు, ఇంట్లో అందరి క్షేమం అడిగాడు. తర్వాత అన్నాడు, "దుక్తూర్, బహుమతి నా దగ్గర ఉంది. భద్రంగా ఉంది. క్లినిక్ ల్యాబ్‌లో నా ట్రైనింగ్ మొదలైన రోజు నేనే తెచ్చి బీరువాలో పెడతాను."

అవతల గొంతు పెద్దదైంది. నా పేరు వినిపించింది, "బాషాకివ్వు" అన్నది వినిపించింది. ఇద్రీస్ ఫోన్ నా వైపు తిప్పి నా ముఖంలోకి చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. తాయిఫ్ కొండలు అప్పుడే కనిపిస్తున్నాయి.

"ఉస్తాద్ నిద్రపోతున్నారు దుక్తూర్" అన్నాడు ఇద్రీస్. "నిద్ర లేచేలోపు మీరు ఆలోచించి చెప్పండి."